వెయ్యేండ్లును కొంచెము కాలమును



ప్రకటన గ్రంథము ఇరువదియవ అధ్యాయమును గూర్చి వ్రాయుమని ఎవరైన అడిగినప్పుడెల్ల, ఇరువది యేండ్లకు పైగా నేనేదో ఒక సాకు చెప్పి తప్పించుకొనుచు వచ్చితిని. ఆ అధ్యాయము తెలియకపోవుటచేత కాదు. వేదాంత కళాశాలలో దానిమీద వ్రాసిన పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చినవి. అయితే ఆ అధ్యాయమును బోధించి నేనొక స్త్రీకి కీడు చేసితిని. నా వయస్సు ఏబది దాటినది. ఇకనైన ఆ సంగతి చెప్పవలెనని తోచినది గనుక, ఓపికతో చదువుమని వేడుకొనుచున్నాను.

అది 1999వ సంవత్సరము డిసెంబరు 31వ తేది రాత్రి. నేను చదువు ముగించుకొని వచ్చి రెండేండ్లయినది. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతములో ఒక గ్రామ సంఘము నాకు అప్పగింపబడెను. ఆ చలికాలమంతయు మా చుట్టుప్రక్కల రెండువేల సంవత్సరమును గూర్చిన భయము వ్యాపించియుండెను. లోకము ముగియునని కొందరు కరపత్రములు పంచిరి. కంప్యూటర్లన్నియు ఒక్కసారిగా నిలిచిపోవునేమో అని పత్రికలు వ్రాసెను. మా సంఘస్థులలో ఒకరు మేకలను తక్కువ ధరకు అమ్ముకొనిరి. మరియొకరు అప్పు తీర్చుట మానుకొని, అప్పిచ్చినవానినే “ఇంకెన్నాళ్లులే” అని ఓదార్చిరి. మూడవ వెయ్యి 2001తో గాని ఆరంభము కాదని నేను లెక్క వేసి చూపితిని. భయపడువానికి లెక్క చెప్పి లాభమేమి?

అందుచేత ఆ రాత్రి ఆరాధనలో వెయ్యేండ్ల పరిపాలనను గూర్చియే బోధింప నిశ్చయించుకొంటిని. బడినుండి నల్లబల్ల తెప్పించితిని. క్రీస్తు రాకడ వెయ్యేండ్లకు ముందని చెప్పువారి కొరకు ఒక గీత, తరువాత అని చెప్పువారి కొరకు ఒక గీత, వెయ్యి అనునది లెక్క కాదు, సంఘకాలమంతటికి గురుతని చెప్పువారి కొరకు ఒక గీత గీచితిని. ఏ గీతమీద ఎక్కడ సాతాను కట్టబడునో ఎఱ్ఱ సుద్దతో గుర్తు పెట్టితిని. గంటన్నర మాటలాడితిని. అందరు నిశ్శబ్దముగా వినిరి గనుక నా బోధ ఫలించెనని సంతోషించితిని. అర్ధరాత్రి దాటి రెండు గంటలకు మెట్టపొలములలో పని చేసి వచ్చిన జనులు నిశ్శబ్దముగా ఉండుటకు మరియొక కారణము కూడ ఉండవచ్చునని ఆనాడు నాకు తోచలేదు.

ఆరాధన ముగిసి పిల్లలకు కేకు ముక్కలు పంచుచుండగా ఒక విధవరాలు నా యొద్దకు వచ్చెను. ఆమె కూలి చేసి బ్రదుకునది. చదువు రాదు గాని బైబిలును గుడ్డలో చుట్టి ప్రతి ఆదివారము తెచ్చుకొనును.

“అయ్యగారూ, ఒక్క మాట. ఆ సైతాను ఇప్పుడు కట్టేసి ఉండాడా, లేడా?”

“ఇందును గూర్చి మూడు అభిప్రాయములున్నవమ్మా” అంటిని.

“అది కాదయ్యా. మా అల్లుడు నిన్న రాత్రి కూడా పిల్లని కొట్టినాడు. సైతానుని కట్టేసుంటే ఇట్టా ఎందుకు జరగతది? కట్టెయ్యకపోతే ఎప్పుడు కట్టేస్తారు? అదొక్కటి చెప్పండి.”

నేనేమి చేసితినో చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. నోటుపుస్తకములోనుండి ఒక కాగితము చించి, ఆ మూడు గీతలను మరల గీచి ఆమె చేతిలో పెట్టితిని. ప్రభువు వచ్చినప్పుడు కన్నీరంతయు తుడుచునని చెప్పితిని. అంతవరకు అమ్మాయిని ఓర్చుకొనుమనండి, భార్య ఓర్పుచేత భర్త మారును, తిరిగి పంపించండి అని చెప్పితిని. భార్యయెడల భర్త చేయు క్రూరత్వమును శిక్షించు చట్టము 1983లోనే వచ్చినది. ఆ రాత్రికి దానికి పదునారేండ్లు. ఆ మాట నా నోట రాలేదు. ఆమె కాగితమును మడిచి బైబిలులో పెట్టుకొని వెళ్లిపోయెను. మరునాడు కుమార్తెను తానే వెంటబెట్టుకొని అత్తవారింట దిగవిడిచి వచ్చెను. అయ్యగారు చెప్పిరి గనుక.

ఆ అల్లుని సంగతి నాకు తెలియనిది కాదు. అతని కథ మా జిల్లా కథ. మా గ్రామమునకు దూబగుంట మరీ దూరము కాదు. 1992లో అక్కడ రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచుండిన స్త్రీలు, రోశమ్మ మొదలగువారు, పాఠము చదివి ఊరకుండక లేచి సారా కొట్టుమీదికి పోయిరి. ఆ నిప్పు జిల్లా అంతట అంటుకొనెను. సారా పాటలు జరుగనియ్యక స్త్రీలు అడ్డముగా కూర్చుండిరి. 1993 అక్టోబరు 1వ తేదినుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. ఆ దినములను గూర్చి చెప్పునప్పుడు మా సంఘపు స్త్రీల ముఖములు నేటికిని వెలుగును. కూలి డబ్బులు ఇల్లు చేరెను. నాటుసారా దొంగచాటుగా కాచిరి, పొరుగు రాష్ట్రములనుండి సీసాలు తెచ్చిరి, అది నిజమే. అయినను సాయంకాలమైతే వణకవలసిన పని తప్పెనని వారందురు. ఈ అల్లుడును ఆ కాలమున మనిషివలె ఉండెనట. భార్యకు కుట్టుమిషను కొనిపెట్టెను. ఆదివారము అందరికంటె ముందు వచ్చి గుడిలో చాపలు పరచెడివాడట.

1997లో రాబడి చాలలేదని ప్రభుత్వము నిషేధమును సడలించెను. సారాకు నిషేధము నిలిచెను గాని బ్రాందీ షాపులు మరల తెరవబడెను. తెరచిన వారములోనే అతడు చాపలు పరచుట మానెను.

లెక్క చూచినయెడల ఆ నెమ్మది దాదాపు మూడున్నర యేండ్లు. ఈ మూడున్నరను పట్టుకొని ప్రకటన గ్రంథములోని మూడున్నరతో ముడిపెట్టవలదని పాఠకులను బ్రతిమాలుకొనుచున్నాను. అట్టి ముడులు వేసినవారు ఇదివరకే చాలమంది కలరు. అమెరికాలో విలియం మిల్లరు అను భక్తుని అనుచరులు 1844 అక్టోబరు 22వ తేదిన ప్రభువు వచ్చునని ఎదురుచూచి, తెల్లవారిన తరువాత ఏడ్చిరి.

2000వ సంవత్సరము వేసవిలో ఒక తెల్లవారుజామున ఆ తల్లి మా తలుపు తట్టెను. వెనుక కుమార్తె నిలిచియుండెను. ఎడమచేతి మణికట్టు విరిగియున్నది. ఆ తల్లి నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆస్పత్రికి తీసికొనిపోవుటకు డబ్బు అడిగెను, అంతే. వారిని పంపి వచ్చి నేను బల్లయొద్ద కూర్చుండి, పరీక్షకు చదివినట్లు కాక, తప్పు చేసినవాడు తీర్పు కాగితము చదువుకొనునట్లు ఆ అధ్యాయమును చదివితిని.

చదువరీ, నీవును ఒకసారి తెరచి చూడుము. వెయ్యేండ్లు అను మాట రెండవ వచనమునుండి ఏడవ వచనమువరకు ఆరుసార్లు వచ్చును. అంతకుమించి బైబిలులో ఈ పరిపాలనను గూర్చి ఆ లెక్కతో చెప్పిన చోటు మరియొకటి లేదు. మనము ఇన్ని పటములు గీచినది ఈ కొద్ది వచనముల మీదనే. దూత చేతిలో తాళపుచెవియు గొలుసును ఉండును. అపవాదిని కట్టి అగాధములో పడవేసి మూసి ముద్ర వేయును. ఎందుకొరకు? జనములను మోసపుచ్చకుండునట్లు అని అక్కడనే కారణము చెప్పబడినది. మనుష్యుల హృదయములు మారునట్లు అని లేదు.

తరువాత వచ్చునదే నన్ను నిలువబెట్టినది. వెయ్యేండ్లు గడచిన పిమ్మట అతడు కొంచెము కాలము విడువబడును. విడువబడిన వెంటనే భూమి నాలుగు దిక్కులనుండి లెక్కకు అందని జనము అతని వెంట నడుచును. వారెక్కడనుండి వచ్చిరి? ఏ వ్యాఖ్యానము పట్టుకొన్నను ఈ ప్రశ్న తప్పదు. వెయ్యేండ్లు క్రీస్తే ఏలినను, మోసగాడు తాళములోపల ఉన్నను, మోసపోవుటకు సిద్ధముగానున్న హృదయము అట్లే ఉండెను. కీడునకు అపవాదియే కారణమని, లేక చెడ్డ ప్రభుత్వమే కారణమని, లేక బీదతనమే కారణమని మనము చెప్పుకొను మాటలన్నియు ఈ చోట విరిగిపడుచున్నవి. మా చాపలు పరచినవాడు మూడున్నర యేండ్లు మంచివాడుగా ఉండలేదు. మూడున్నర యేండ్లు కట్టబడి ఉండెను.

ఈ మాట ఇక్కడ ఆపినయెడల నేను మరల అదే తప్పు చేసినవాడనగుదును. “చూచితివా, చట్టములు మనిషిని మార్చలేవు, సువార్త ఒక్కటే మార్చగలదు, కాబట్టి మనము ప్రార్థించుచు ఊరకుందము” అని చెప్పు బోధకులను నేను చాలమందిని ఎరుగుదును. నేనును అట్లు చెప్పినవాడనే. అయితే ఈ అధ్యాయములో గొలుసు పట్టుకొన్నది ఎవరు? దేవుడు పంపిన దూత. కట్టినంత మాత్రమున ఆ జనము మారరని దేవునికి ముందే తెలియును. తెలిసియు ఆయన కట్టించెను. మోసము లేని వెయ్యేండ్లు, మనుష్యులు మారకపోయినను, తమంతట తామే విలువగలవని ఆయన ఎంచెను. ఆ కుమార్తె దెబ్బలు తినని మూడున్నర యేండ్లు ఉత్త భ్రమయా? ఆ కుట్టుమిషను నిజమే గదా. దూబగుంట స్త్రీలు పట్టుకొన్నది గొలుసే. వారు భర్తల హృదయములు మార్చుటకు పోలేదు. కొట్టు మూయించుటకు పోయిరి.

పూర్వులు ఏమనిరో కొంచెము చెప్పెదను. మొదటి శతాబ్దముల సంఘములో పపియ, యుస్తిను, ఐరేనియసు వంటివారు భూమిమీద నిజమైన వెయ్యేండ్ల రాజ్యము వచ్చునని నమ్మిరి. అయితే యుస్తిను, తనవలె తలంపని భక్తిపరులైన క్రైస్తవులు చాలమంది కలరని తన గ్రంథములోనే ఒప్పుకొనెను. ఆ మర్యాద నేటి వెయ్యేండ్ల వాదములలో కనబడుట అరుదు. అగస్టీను మొదట వారివలెనే తలంచి, తరువాత మనస్సు మార్చుకొనెను. 410లో రోమా పట్టణము కొల్లగొట్టబడిన తరువాత ఆరంభించి అనేక సంవత్సరములు వ్రాసిన ‘దేవుని పట్టణము’ అను గ్రంథము ఇరువదియవ భాగములో, ప్రభువు బలవంతుని ఇంట చొచ్చి వానిని ముందుగా కట్టుటను గూర్చి చెప్పిన ఉపమానమే ఈ గొలుసు అని వివరించెను. క్రీస్తు మొదటి రాకడలోనే అపవాది కట్టబడెను, అనగా వెయ్యేండ్లు ఇప్పుడే జరుగుచున్నవి. గ్రీకులో రెండుచోట్ల ‘కట్టుట’ అను క్రియ ఒక్కటే గనుక ఈ మాటకు బలము కలదు. అయితే అపవాది సింహమువలె తిరుగులాడుచున్నాడని పేతురు హెచ్చరించెను గదా, కట్టబడినవాడు ఎట్లు తిరుగును అని ఎదుటివారు అడుగుదురు. అదియు బలమైన ప్రశ్నయే. ఇంతకు, కట్టబడెనని వ్రాసిన అగస్టీను 430లో మరణశయ్యమీద ఉన్నప్పుడు వాండలులు అతని పట్టణమును ముట్టడించియుండిరి. కీడు లేదని అతడు వ్రాయలేదు.

ఈ ప్రశ్నకు జవాబుగా పాత బోధకులు ఒక పోలిక చెప్పుచు వచ్చిరి. గొలుసుతో కట్టిన కుక్క మొరుగును గాని, దగ్గరకు పోయినవానినే కరచును అని. నేనును ఆ పోలికను ఎన్నో ప్రసంగములలో వాడితిని. ఇప్పుడు వాడను. ఆ బిడ్డ కుక్క దగ్గరకు పోలేదు. కుక్క ఆమె యింటనే ఉండెను, నేనే ఆమెను తిరిగి ఆ గొలుసు అందునంత దూరమునకు పంపించితిని.

ఇక సంఘము లోకమును మెల్లగా మార్చి వెయ్యేండ్లను తెచ్చునని నమ్మినవారు కలరు. వారి నిరీక్షణ చేతనే అనేక మిషనెరీలు ఓడలెక్కిరి గనుక వారిని నేను తేలికగా మాటలాడను. మన తెలుగు సంఘమునకు వారు ఋణదాతలు. 1878 జూలై 3వ తేదిన ఒంగోలు దగ్గర వెలంపల్లిలో గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, రాజ్యము వచ్చుచున్నదని తోచకుండునా? 1910లో ఎడింబరోలో మిషనెరీ మహాసభ కూడినప్పుడు ఆ నిరీక్షణ శిఖరమునకు ఎక్కెను. అయితే ఆ సభలోనే మన వేదనాయకము అజరయ్య గారు లేచి, మీరు మాకు అన్నియు ఇచ్చితిరి గాని మాతో స్నేహము చేయలేదను భావముతో మాటలాడవలసి వచ్చెను. నాలుగేండ్లకు, 1914లో, ఆ సభకు ప్రతినిధులను పంపిన క్రైస్తవ దేశములే ఒకదానినొకటి చంపుకొన నారంభించెను. వెలంపల్లి బాప్తిస్మములకు నూట ఏడేండ్ల తరువాత, 1985 జూలై 17వ తేదిన, ఆ సీమలోని కారంచేడులో, త్రాగు నీటి చెరువు దగ్గర మొదలైన తగవుపై మాదిగపల్లెమీద పడి ఆరుగురిని చంపిరి. గుండ్లకమ్మ నీళ్లు వ్యర్థమాయెనని నేననను. ఆ నీళ్లే ఆ పల్లెలకు తల యెత్తుకొను ధైర్యము నిచ్చెను. అయితే ఏ యేటి నీళ్లును వెయ్యేండ్లను తేలేదు.

తామే బలవంతముగా రాజ్యమును తెచ్చెదమన్నవారి గతి ఇంకను భయంకరము. 1534, 1535 సంవత్సరములలో జర్మనీలోని మున్‌స్టరు పట్టణమును నూతన యెరూషలేమని ప్రకటించి, లైడెను యోహాను అనువాడు దానికి రాజైనాడు. వాడు అనేకమంది స్త్రీలను పెండ్లాడి, ఎదిరించిన ఒక భార్యను అందరియెదుట తల నరికెను. వెయ్యేండ్ల రాజ్యము పేరట నేల పడినవారిలో మరల ఒక స్త్రీయు ఉండెను.

ఆ వేసవి ఉదయము నా కన్ను నాలుగవ వచనముమీద నిలిచినది. ఆ సింహాసనముల యొద్ద యోహాను చూచినదెవరిని? తల నరకబడినవారిని. రాజులను కాదు, బోధకులను అని కూడ చెప్పలేదు. సాక్ష్యము నిమిత్తము చంపబడినవారు లేచి క్రీస్తుతో ఏలుదురు. వెయ్యేండ్ల మొదటి పని ద్రాక్షతోటలు కావు. త్రొక్కబడినవారి పక్షముగా తీర్పు. ఇట్టి అధ్యాయమును తీసికొని నేను త్రొక్కబడిన స్త్రీతో ఓర్చుకొనుమని చెప్పితిని.

మరియొక చిన్న మాట కలదు. అపవాది విడువబడవలెను అనుచోట గ్రీకులో ‘దెయి’ అను మాట వాడబడెను. తప్పదు అని దాని భావము. ఎందుకు తప్పదో యోహాను చెప్పలేదు, కళాశాలలో మా గురువుగారును చెప్పలేదు. మార్కు సువార్త ఎనిమిదవ అధ్యాయములో ప్రభువు తనకు శ్రమలు తప్పవని శిష్యులతో చెప్పినప్పుడు ఇదే మాట వాడబడెను. సాతాను విడుదలయు ప్రభువు సిలువయు ఒకే ‘తప్పదు’ క్రింద ఉన్నవి. దీనిని పూర్తిగా వివరించు శక్తి నాకు లేదు. అయితే కీడు ఇంకను ఎందుకున్నదని అడుగువారికి పటము చూపుటకంటె, ఆ ‘తప్పదు’ను తన మీద వేసికొన్న ప్రభువును చూపుట మేలని నాకు తెలిసినది. చూపి, తరువాత చెప్పులు తొడుగుకొని వారి యింటికి నడువవలెనని కూడ తెలిసినది.

నడచితిని. ఇద్దరు పెద్దలను రమ్మంటిని. “ఆలుమగల గొడవ అయ్యగారూ, మనకెందుకు?” అని ఒకరు వెనుదీసిరి. రెండవవారు వచ్చిరి. అతనితో నేను ప్రసంగము చేయలేదు. నీ భార్య తల్లియొద్దనే ఉండును, నీవు ఆ గడప త్రొక్కినయెడల నేనే స్టేషనుకు వచ్చి సాక్ష్యమిచ్చెదను అని చెప్పితిని. కుట్టుమిషనును మేమిద్దరము మోసికొని వచ్చితిమి. అది చాల బరువు. దారిలో మూడుసార్లు దింపితిమి. అతడు ఆ తరువాత రెండుసార్లు త్రాగుట మానెను, మూడుసార్లు మొదలుపెట్టెను. అతనికొరకును నేను ప్రార్థించుచునే ఉన్నాను. ఒకసారి అతడే నాతో, షాపు లేని దినములే నాకు మంచి దినములయ్యా అనెను. ఆ మాటలో పశ్చాత్తాపము ఎంతో, సాకు ఎంతో దేవునికే తెలియును.

ఆమె చేయి వంకరగానే అతుకుకొన్నది. అయినను ఆ చేతితోనే మిషను కుట్టి ఇద్దరు పిల్లలను చదివించినది. కొన్నేండ్లకు ఆ ముసలితల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు సమాధి కార్యక్రమమునకు నేను వెళ్లితిని. బైబిలును పెట్టెలో పెట్టుటకు ముందు కుమార్తె తెరచి చూచెను. నా మూడు గీతల కాగితము అందులో ఉండెను. వెనుకవైపున పెన్సిలుతో ఏవో అంకెలు వ్రాసియున్నవి. జాకెట్ల కొలతలు.

సిగ్గుతో ఆమెను క్షమాపణ అడిగితిని. ఆమె కొంచెము సేపు ఆ కాగితము వైపు చూచి, “మీరు గీసింది మాకు అర్థం కాలేదయ్యగారూ. కాగితం మాత్రం పనికొచ్చింది” అనెను. దానిని మరల బైబిలులోనే పెట్టి తల్లి చేతుల క్రింద ఉంచెను.

ఇప్పుడు నేను వేరొక సంఘములో ఉన్నాను. ఇక్కడను ఊరి చివర బెల్టు షాపు కలదు. గత ఆదివారము ఆరాధన తరువాత ఒక చిన్నది, పెండ్లియై ఏడాది కూడ కాలేదు, కొంగుతో మెడ కప్పుకొని చివరి వరుసలో కూర్చుండియుండెను. నా భార్య ఆమెతో మాటలాడెను. మొన్న సాయంకాలము మేమిద్దరము, ఒక సంఘ పెద్దయు ఆ యింటికి వెళ్లితిమి. అతడు ఇంట లేడు. రేపు మరల వెళ్లవలెను.